పెద్దవాళ్లు బయటికి రావడం ఎందుకు మానేస్తారు?

రోజూ సాయంత్రం నలుగురిలోకి వచ్చి కూర్చునే పెద్దాయన రెండు నెలలుగా కనబడటం లేదు. అడిగితే "ఓపిక ఉండట్లేదు" అంటారు. ఇంట్లోవాళ్లు "వయసైపోయింది కదా" అంటారు. చాలా ఇళ్లలో విషయం అక్కడితో ఆగిపోతుంది. కానీ ఆరా తీయాల్సింది అక్కడినుంచే. మూత్రం ఆపుకోలేక నలుగురిలో ఇబ్బంది అవుతుందని రాకపోవచ్చు. మాటలు సరిగ్గా వినబడక, ప్రతిదీ రెండుసార్లు చెప్పించుకోవడం నామోషీ అనిపించి ఉండొచ్చు. ఒకరోజు తూలి పడబోయి, ఆ భయం అలాగే ఉండిపోవచ్చు. కాలి గోళ్లు మందమై వంకర తిరిగి, చెప్పులు వేసుకుంటే ప్రాణం పోయేంత నొప్పి ఉండొచ్చు. కొత్తగా రాసిన మాత్రతో మధ్యాహ్నమంతా మగతగా ఉండొచ్చు. వెంట తీసుకొచ్చే స్నేహితుడు చనిపోయి ఉండొచ్చు.

పైకి కనబడే లక్షణం ఒక్కటే, కారణాలు మాత్రం ఇన్ని. వారానికోసారి ఎవరో వెళ్లి పలకరించి వస్తే చివరి కారణానికి కొంత ఊరట దొరుకుతుందేమో గానీ మిగతావి ఎక్కడివక్కడే ఉంటాయి. పెద్దల కోసం మంచి మనసుతో మొదలుపెట్టిన కార్యక్రమాలు ఎక్కువగా ఇక్కడే తప్పటడుగు వేస్తాయి: కారణం తెలుసుకోకముందే సాయం మొదలుపెట్టేస్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన నివేదికలో ఆరోగ్యకరమైన వృద్ధాప్యానికి కొలమానంగా జబ్బులు లేకపోవడాన్ని తీసుకోలేదు. మనిషి తనకు విలువైన పనులు తాను చేసుకోగలగడాన్ని తీసుకుంది. 2017లో తెచ్చిన మార్గదర్శకాలు ఆ మాటను ఆచరణలోకి దించాయి. నడక, పోషణ, చూపు, వినికిడి, జ్ఞాపకశక్తి, మనసు: పెద్దవాళ్లని పలకరించినప్పుడు వీటిని వరసగా చూడమన్నాయి. ఇవి విడివిడిగా దెబ్బతినవు. వినికిడి తగ్గిన మనిషి కబుర్లకు దూరమవుతాడు, కబుర్లు లేకపోతే బయటికి రాడు, బయటికి రాకపోతే తొడల్లో బలం పోతుంది, బలం పోతే పడతానేమోనన్న భయం, భయంతో ఇంకాస్త తక్కువ నడక, నడక లేక ఆకలి మందగించడం. ఎక్కడ మొదలైనా చివరికి అన్నీ చుట్టుకుంటాయి. అదృష్టవశాత్తూ వెనక్కి తిప్పడమూ ఎక్కడినుంచైనా మొదలుపెట్టొచ్చు. మా అనుభవంలో అన్నిటికంటే త్వరగా ఫలితం చూపించేవి మూడు: కాళ్లు, మాత్రలు, చెవులు.

కుర్చీలోంచి లేవడం

చేతులు లేని మామూలు కుర్చీని గోడకు ఆనించండి. చేతులు రెండూ గుండెలమీద కట్టుకుని, చేత్తో ఊతం పట్టకుండా, వరసగా ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 14 సెకన్లలో అయిపోతే కాళ్లలో బలం ఫరవాలేదు. మరో పరీక్షలో కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. దానికి 12 సెకన్లో అంతకంటే ఎక్కువో పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. రెంటికీ గడియారం, పక్కనే పట్టుకోవడానికి సిద్ధంగా ఒక మనిషి ఉంటే చాలు. అంకె కంటే ముఖ్యమైనది వాళ్లు లేచే తీరు. ఊగి ఊగి ఊపు తెచ్చుకుంటున్నారా, నిలబడగానే కళ్లు తిరిగినట్టు ఆగుతున్నారా, తిరిగేటప్పుడు చిన్నచిన్న అడుగులు చాలా వేస్తున్నారా, కూర్చునేటప్పుడు ధబ్బున కూలబడుతున్నారా అన్నది చూడండి.

లేవలేకపోతున్నవాళ్లలో కొందరికి బలం ఉంటుంది, పద్ధతి తప్పుతుంది. వెనక్కి జారి కూర్చుని, పాదాలు ముందుకు చాచి, తల వెనక్కి వాల్చి లేవబోతే ఎవరికైనా కష్టమే. ముందు కుర్చీ అంచుకు జరగాలి. పాదాలను మోకాళ్లకంటే కాస్త వెనక్కి లాక్కోవాలి. ముక్కు కాలివేళ్లకు సూటిగా పైకి వచ్చేదాకా ఒళ్లు ముందుకు వంచి, అప్పుడు మడమలతో నేలను నొక్కుతూ లేవాలి. పక్కనున్నవాళ్లు చంకల కింద చేతులు వేసి లాగడం మంచిది కాదు. పెద్దవాళ్ల భుజం కీళ్లు ఆ లాగుడికి దెబ్బతింటాయి, పైగా లాగుతున్నకొద్దీ వాళ్లు వెనక్కి వాలతారు. కుర్చీ ఎత్తు మోకాలి మడతకంటే తక్కువగా ఉంటే కింద గట్టి దిమ్మలు పెట్టి ఎత్తు పెంచండి. మెత్తటి లోతు సోఫా మాత్రం పెద్దవాళ్లకు పనికిరాదు.

వ్యాయామం విషయంలో ఒక అపోహ బాగా పాతుకుపోయింది, "రోజూ కాస్త నడిస్తే చాలు" అని. నడక గుండెకు మంచిదే. కానీ తూలే మనిషిని నిలబెట్టేది తొడల బలం, నిలకడ. ఒట్టి నడకతో ఈ రెండూ పెద్దగా పెరగవు. అంతేకాదు, ఇప్పటికే తూలుతున్నవాళ్లను రోడ్డుమీద గబగబా నడవమంటే పడే అవకాశం ఇంకా పెరుగుతుంది. కుర్చీలో కూర్చుని చేతులూపే వ్యాయామాలతోనూ నిలకడ రాదు. నిలబడి చేస్తేనే వస్తుంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో 1990లలో ఒక పద్ధతి రూపొందించారు. చీలమండకు చిన్న బరువులు కట్టుకుని కాలి కండరాలకు పని చెప్పడం, వంటగది గట్టు లాంటిది పట్టుకుని నిలకడ సాధించడం, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంట. దానికి తోడు వారంలో రెండు రోజులు నడక. దాన్ని పాటించినవాళ్లలో పడిపోవడాలు సుమారు మూడోవంతు తగ్గాయి. ఇందులో కీలకం క్రమంగా కష్టం పెంచడం. ముందు రెండు చేతులతో గట్టు పట్టుకుని, తర్వాత ఒక చేత్తో, ఆ తర్వాత వేళ్లు ఆనించి, చివరికి వదిలేసి నిలబడాలి. పాదాల వరసలోనూ అంతే: ముందు పక్కపక్కన, తర్వాత ఒకటి సగం ముందుకు, తర్వాత మడమ వేళ్లకు తగిలేలా ఒకే గీతలో, ఆఖరున ఒంటికాలిమీద. 65 దాటినవాళ్లు మడమకు వేళ్లు తగిలించి 10 సెకన్లు నిలబడలేకపోతే వెంటనే శ్రద్ధ పెట్టాలి. వ్యాయామం మానేస్తే మాత్రం వచ్చిన లాభం కొన్ని నెలల్లోనే కరిగిపోతుంది. అందుకే ఆరువారాల శిబిరం పెట్టి సర్టిఫికెట్ ఇచ్చి పంపేయడం కంటే, ఏడాది పొడుగునా జరిగే చిన్న బృందం ఎన్నో రెట్లు మేలు.

మంచాన పడుకోబెట్టడం గురించి కూడా చెప్పాలి. జ్వరమొచ్చిందని, ఒళ్లు నొప్పులని పెద్దవాళ్లను "లేవకండి, అన్నీ మేం తెచ్చిస్తాం" అంటాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దలను 10 రోజులు మంచంమీదే ఉంచి చేసిన ఒక పరిశీలనలో కాళ్లలోంచే దాదాపు ఒక కిలో కండ పోయింది. డాక్టరు వద్దంటే తప్ప, భోజనానికైనా లేచి కుర్చీలో కూర్చోవాలి. బాత్రూముకు నడిచి వెళ్లాలి. ప్రేమతో చేసిపెట్టే పని వాళ్ల కాళ్లకు ఉన్న ఆ కాస్త పనినీ లాగేసుకోకూడదు.

చేతికర్ర ఎత్తు కూడా చాలా చోట్ల తప్పుగా ఉంటుంది. నిటారుగా నిలబడి చేతులు వదులుగా వేలాడేసినప్పుడు కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. కర్ర పట్టుకోవాల్సింది నొప్పి ఉన్న కాలివైపు చేత్తో కాదు, రెండో పక్క చేత్తో. కింది రబ్బరు అరిగితే నున్నటి నేలమీద ఆ కర్రే జారుతుంది, అరగకముందే మార్చాలి.

మాత్రల సంచి

పెద్దవాళ్లు వాడే మందులన్నీ, కీళ్లకు రాసుకునే నూనెలూ జలుబు బిళ్లలూ సహా, ఒక సంచిలో వేసి బల్లమీద పరచండి. కుటుంబ డాక్టరు ఒకటి, గుండె డాక్టరు మూడు, కీళ్ల డాక్టరు రెండు రాసి ఉంటారు. ఎవరు రాసినవి వాళ్లకే తెలుసు. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు పడుతున్న సందర్భాలు తరచూ బయటపడతాయి. ఐదో అంతకంటే ఎక్కువో మందులు వాడుతున్నవాళ్లకు ఏడాదికోసారైనా ఈ పని జరగాలి.

ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని దానికి ఇంకో మందు రాయడం ఇందులో పెద్ద ఉచ్చు. బీపీకి ఆంలోడిపిన్ వేసుకున్నవాళ్లలో కొందరికి పాదాలు వాస్తాయి. వాపుకని నీరు తీసే మాత్ర రాస్తారు. దాంతో రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవాలి. నిద్ర పోయిందని నిద్రమాత్ర చేరుతుంది. ఆ మత్తులో, చీకట్లో, బాత్రూము దారిలో పడి తుంటి ఎముక విరుగుతుంది. ఇంట్లో అందరూ "కాలు జారింది" అనుకుంటారు. అసలు మొదలు ఏడాది కిందటి మాత్రలో ఉంది.

ఇంకో ముఠా ఉంది. జలుబుకూ దురదకూ వాడే పాతకాలపు మందులు క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్. నొప్పులకూ నిద్రకూ రాసే అమిట్రిప్టిలిన్. మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్. వీటన్నిటి ప్రభావం ఒకే దారిలో వెళ్తుంది: నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మూత్రం బిగబట్టుకుపోవడం, మతిమరుపు, తికమక. రెండు మూడు కలిస్తే పెద్దవాళ్లకు మతి చెడిందేమో అనిపించేంత మార్పు వస్తుంది. నొప్పి మాత్రల్లో ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కొన్ని రకాల బీపీ మందులతో, నీరు తీసే మాత్రలతో కలిస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు. పెద్దవాళ్ల విషయంలో జాగ్రత్తగా వాడాల్సిన మందుల జాబితా ఒకటి 1991 నుంచీ ఉంది, దాన్ని తొలుత కూర్చిన డాక్టరు పేరుమీద బీర్స్ ప్రమాణాలంటారు. డాక్టర్లకు అది తెలుసు. కాకపోతే సంచి మొత్తం ఎవరో ఒకరి కళ్లముందు పెడితేనే అది ఉపయోగపడుతుంది.

మనం చేయాల్సింది సంచి, జాబితా తీసుకెళ్లి ఒకే డాక్టరుతో "ఇందులో ఏది ఇంకా అవసరం?" అని అడగడం. ఇంట్లో కూర్చుని మనమే ఆపేయడం తగదు. నిద్రమాత్రలూ, కొన్ని గుండె మందులూ ఒక్కసారిగా మానేస్తే ప్రాణంమీదికి రావచ్చు. వాటిని వారాల తరబడి మెల్లగా తగ్గిస్తారు.

నిలబడగానే కళ్లు తిరిగేవాళ్లకు ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేపి నిలబెట్టి ఒక నిమిషానికీ, 3 నిమిషాలకీ మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఆ మూడు అంకెలూ రాసుకుని డాక్టరుకు చూపించండి. కూర్చోబెట్టి మాత్రమే చూసే బీపీలో ఇది బయటపడదు. ఈలోగా మంచం దిగేముందు అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చుని పాదాలు పైకీ కిందకీ ఆడించడం అలవాటు చేయాలి.

వినబడుతుంది కానీ అర్థం కాదు

వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేది సన్నటి ధ్వనులు. స, శ, ఫ, త, క లాంటి హల్లులు అందవు, అచ్చులు మాత్రం బాగానే వినబడతాయి. అందుకే "శబ్దం వినబడుతోంది, మాట తెలియట్లేదు" అంటారు. మనం గట్టిగా అరిస్తే అచ్చుల హోరు పెరుగుతుంది తప్ప హల్లులు స్పష్టం కావు. పైగా కోప్పడుతున్నట్టు ఉంటుంది. ఎదురుగా కూర్చుని, వెలుగు మన ముఖంమీద పడేలా చూసుకుని, టీవీ ఆపేసి, మామూలు గొంతుతో కాస్త నిదానంగా మాట్లాడాలి. అర్థం కాకపోతే అదే వాక్యాన్ని మళ్లీ చెప్పకుండా వేరే మాటల్లో చెప్పాలి.

ముందు చెవిలో గులిమి ఉందేమో చూపించాలి. పుల్లలు పెట్టి కెలక్కూడదు, గులిమి ఇంకా లోపలికి పోతుంది. వినికిడి యంత్రం కొన్నాక డ్రాయరులో పడి ఉండటం సర్వసాధారణం. ఏళ్ల తరబడి వినని చప్పుళ్లన్నీ, గిన్నెల మోత, సొంత అడుగుల శబ్దం, ఒక్కసారిగా మీద పడటంతో మొదటిరోజే తీసి పక్కన పెట్టేస్తారు. మొదటి వారం ప్రశాంతమైన గదిలో, ఒక్క మనిషితో, రోజుకు రెండు గంటలు చాలు. తర్వాత కొంచెం కొంచెం పెంచాలి. మెదడు అలవాటు పడటానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. బ్యాటరీ మార్చడం, గొట్టంలో గులిమి శుభ్రం చేయడం ఇంకొకరికి కూడా వచ్చి ఉండాలి. ఇదంతా ఒట్టి సౌకర్యం కోసం కాదు. మతిమరుపు జబ్బుకు (డిమెన్షియాకు) దారితీసే, మార్చుకోగల 14 కారణాలను వైద్యపత్రిక లాన్సెట్ నిపుణుల కమిషన్ 2024లో లెక్కగట్టింది; వాటిలో వినికిడి లోపమూ ఉంది, చూపు తగ్గడమూ ఉంది.

కళ్లద్దాల్లో ఒక చిన్న సంగతి: దగ్గరికీ దూరానికీ కలిపి ఒకే అద్దం పెట్టుకున్నవాళ్లు మెట్లు దిగేటప్పుడు కింది భాగంలోంచి చూస్తారు, అది పుస్తకం చదవడానికి చేసిన అద్దం కాబట్టి మెట్టు అంచు మసకబారుతుంది. బయట బాగా తిరిగేవాళ్లకు నడకకని దూరపు చూపు అద్దాలు విడిగా ఉండటం మంచిది.

తిండి గురించి క్లుప్తంగా. ప్రయత్నించకుండానే 3 నెలల్లో 3 కిలోలకు మించి బరువు తగ్గితే కారణం వెతకాలి. కిడ్నీ జబ్బు లేనివాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. మూడు పూటలా పంచితే మంచిది. పళ్లు కదలడం, కట్టుడు పళ్లు వదులవడం, నోరు ఎండిపోవడం ముందు చూసుకోండి. 80 ఏళ్ల మనిషి చిక్కిపోతుంటే ఎప్పుడో పెట్టిన పథ్యాలు ఇంకా అవసరమా అని డాక్టరును అడగాల్సిందే.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భం ఒకటుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే తికమకపడటం, పొద్దున ఒకలా రాత్రి ఒకలా ఉండటం. మతిమరుపు జబ్బు నెలలూ ఏళ్ల మీద వస్తుంది, ఇలా రాత్రికి రాత్రి రాదు. ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, తీవ్రమైన మలబద్ధకం, కొత్త మందు, ఇలా ఏదో ఒకటి వెనక ఉంటుంది. కేకలు వేసేవాళ్లను అందరూ గుర్తిస్తారు. మూలన ముడుచుకుని నిద్రమత్తులో ఉండేవాళ్లనే ఎవరూ పట్టించుకోరు, అలాంటివాళ్లే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు.

ఒంటరితనానికి ఏం చేస్తాం?

ఒంటరిగా ఉండటం వేరు, ఒంటరితనం వేరు. ఒక్కరే ఉంటూ నిండుగా బతికేవాళ్లున్నారు, పదిమంది ఇంట్లో ఉండి ఎవరికీ పట్టనివాళ్లున్నారు. అందుకే తలలు లెక్కపెట్టి సందర్శకులను పంపడం పనిచేయదు. పెద్దవాళ్లకు తమ అవసరం ఇంకొకరికి ఉండటం కావాలి. ఆస్ట్రేలియాలో 1990లలో మొదలైన 'మెన్స్ షెడ్స్', అంటే మగవాళ్లు ఒకచోట చేరి చేతిపనులు చేసుకునే షెడ్లు, దీన్ని బాగా పట్టుకున్నాయి. మగవాళ్లు ఎదురెదురుగా కూర్చోబెట్టి కష్టాలు చెప్పమంటే చెప్పరు; పక్కపక్కన నిలబడి విరిగిన కుర్చీ బాగుచేస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి. జింబాబ్వేలో సైకియాట్రిస్టు డిక్సన్ చిబాండా 2006లో మొదలుపెట్టిన 'ఫ్రెండ్‌షిప్ బెంచ్' ఇంకో అడుగు ముందుకేసింది. శిక్షణ పొందిన బామ్మలు క్లినిక్ ఆవరణలోని బల్లమీద కూర్చుని, దిగులుతో వచ్చినవాళ్ల సమస్యలు వింటారు, ఒక్కో సమస్యకు దారి వెతికిస్తారు. 2016లో ప్రచురితమైన అధ్యయనంలో ఆరు నెలల తర్వాత అలా వచ్చినవాళ్ల దిగులు స్పష్టంగా తగ్గింది. అక్కడ పెద్దవాళ్లు సాయం అందుకునేవాళ్లు కాదు, సాయం చేసేవాళ్లు.

దిగులు జబ్బుగా మారిందేమో తెలుసుకోవడానికి రెండు ప్రశ్నలు: గత రెండు వారాల్లో చాలా రోజులు మనసు కుంగినట్టు ఉందా? ఇష్టమైన పనులమీద ఆసక్తి పోయిందా? ఒక్కదానికి అవునన్నా డాక్టరు చూడాలి. పెద్దవాళ్లు దిగులును దిగులుగా చెప్పరు. ఒళ్లు నొప్పులు, నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం అంటారు. "నేనుండి ఎవరికి లాభం" అన్న మాట వినబడితే, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, మోస్తున్న బరువు చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే ఆ రోజే వైద్య సాయం అందాలి, ఒంటరిగా వదలకూడదు.

వీధి చేయగలిగినవి

చాలాచోట్ల రోడ్డు దాటే సిగ్నల్‌ను సెకనుకు 1.2 మీటర్లు నడిచే మనిషి కోసం లెక్కగడతారు. అలా 12 మీటర్ల రోడ్డుకు 10 సెకన్లు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే పెద్దావిడకు 15 సెకన్లు కావాలి. ఎర్రదీపం పడేసరికి ఆవిడ రోడ్డుమధ్యనే ఉంటుంది. ఒకసారి అలా జరిగితే ఇక ఆ రోడ్డు దాటదు. సిగ్నల్ సమయం పెంచమని, దారిలో చేతులున్న బెంచీలు వేయమని, మరుగుదొడ్డి తెరిచి ఉంచమని అర్జీ పెట్టడం పది సందర్శనలకు సమానం. కూర్చునే చోటు, బాత్రూము ఉన్నాయని తెలిస్తేనే బయలుదేరతారు.

ఒంటరిగా ఉండేవాళ్లకు రోజూ ఒకే వేళకు ఫోన్ చేసే ఏర్పాటు ప్రాణాలు కాపాడుతుంది. అయితే ఎత్తకపోతే ఏం చేయాలో ముందే కాగితంమీద రాసి ఉండాలి: పావుగంటకు మళ్లీ ఫోన్, తర్వాత తాళంచెవి ఉన్న పొరుగువారు వెళ్లి చూడటం, ఆ పొరుగువారు ఊళ్లో లేకపోతే రెండో మనిషి ఎవరు. ఈ చివరి భాగం రాయకే చాలా ఏర్పాట్లు చతికిలబడతాయి. పడిపోయి గంటకు మించి నేలమీదే ఉంటే కండరాలు నలిగి, ఒంట్లో నీరు తగ్గి, పుండ్లు పడి ప్రాణాపాయం రావచ్చు. అందుకే లేచే పద్ధతిని ముందే నేర్పాలి. దెబ్బ లేదని నిర్ధారించుకుని పక్కకు దొర్లాలి, మోచేతులమీద లేచి, చేతులూ మోకాళ్లమీద గట్టి కుర్చీ దాకా పాకాలి. కుర్చీమీద చేతులు ఆనించి, బలమైన కాలి పాదాన్ని ముందు నేలకు ఆనించి, నెట్టుకుంటూ లేచి తిరిగి కూర్చోవాలి. తుంటి నొప్పి ఉన్నా, తలకు దెబ్బ తగిలినా కదపకుండా అంబులెన్సు పిలవాలి.

బయటివాళ్లు వెళ్లినప్పుడు పెద్దవాళ్లతో కాసేపు ఏకాంతంగా మాట్లాడే వీలు చూసుకోవాలి. 60 దాటినవాళ్లలో ఆరుగురిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకం వేధింపుకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. డబ్బు లాక్కోవడం, తిట్టడం, తిండి మందులు సరిగ్గా ఇవ్వకపోవడం కూడా అందులోకే వస్తాయి. ప్రతి ప్రశ్నకూ ఇంకొకరే జవాబు చెప్తుంటే ఆగి గమనించండి. అదే సమయంలో, రాత్రీ పగలూ చూసుకునే మనిషి నిద్రలేక అలిసిపోయి ఉండొచ్చు. "ఏదైనా కావాలంటే చెప్పండి" అన్న మాటతో ఆవిడకు ఒరిగేదేమీ లేదు. "ప్రతి బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా నేనుంటాను" అంటే ఆవిడ ఆ మూడు గంటలనూ నమ్ముకోగలదు.

ఏ సాయం మొదలుపెట్టినా ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ కూర్చుని మొదట కొలిచినవే కొలవండి: ఐదుసార్లు లేవడానికి పట్టిన సెకన్లు, బరువు, మాత్రల లెక్క, వారంలో ఎన్నిసార్లు గడప దాటారన్నది. మెరుగైతే సాయంలో ఒక భాగం వాళ్లకే తిరిగి అప్పగించండి. అదివరకు సరుకులు తెచ్చిపెట్టిన మనిషి ఇప్పుడు వాళ్లతో కలిసి కొట్టుదాకా నడవాలి. మెరుగవకపోతే మొదట అనుకున్న కారణం సరైనది కాదన్నమాట, మళ్లీ పెద్దాయన ఎదురుగా కూర్చుని ఎందుకు రావట్లేదో అడగాలి.